నడిపించి తీసిన కొలత

ఆ ఏడు వేసవిలో మా నాన్న చెయ్యి ఊరంతా వణికింది.

నిజానికది మా కొట్లో, గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర మాత్రమే తెలియాల్సిన వణుకు. డెబ్భై దాటిన దర్జీ చెయ్యి కాస్త వణికితే వింతేముంది? కానీ మా తమ్ముడు దాన్ని వారపత్రికకెక్కించాడు. వాడు రాసే సీరియల్లో ఒక ముసలి దర్జీ ఉన్నాడు. ఆ దర్జీకి మా నాన్న కళ్ళజోడు, మా నాన్న దగ్గు, ముందుకి వేలాడే మా నాన్న కింది పెదవి, అన్నీ ఉన్నాయి. పేరొక్కటే లేదు. ఇంక పేరెందుకు? కోర్టు వీధిలో చదువొచ్చిన వాళ్ళందరూ ఆ ముసలాయన ఎవరో మొదటి వారమే కనిపెట్టేశారు. చదువు రానివాళ్ళకి చదువొచ్చినవాళ్ళు చెప్పేశారు.

పత్రిక వచ్చిన రోజు టీ వేళకి నేను మిషను ఆపి సీరియల్ పైకి చదవాలి. అది నాన్న పెట్టిన నియమం. ఆయన బల్లకి ఆనుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని వింటాడు. నవ్వొచ్చిన చోట నవ్వుతాడు, ఒళ్ళు మండిన చోట దాచుకోకుండా తిడతాడు. మొదటి వారం సీరియల్ పేరు చదవగానే టీ ఒలికింది.

"'మొండి కత్తెరా'? ఎవడిదే మొండి కత్తెర?"

"కథలో ముసలాయనది నాన్నా."

"ఆ ముసలాయన నేనేగా?"

"అలాగే ఉంది మరి."

"నన్నేమన్నా అననీ, పడతాను. కన్నాక తప్పుతుందా? కత్తెర జోలికొస్తాడేంటే వీడు! సాయంత్రం ఇంటికెళ్ళాక వాడి మీసం మీద పెట్టి చూపిస్తా, మొండిదో కాదో!"

తిట్టాడన్న మాటే గానీ, లోపల పొంగిపోయాడు. కొలతలకి వచ్చిన ప్రతివాడితోనూ "మా వాడే రాస్తున్నాడు, చదువుతున్నారా?" అని అడిగేవాడు. వాళ్ళు చదువుతున్నామంటే టేపు మెళ్ళో వేసుకుని ఇంకాస్త నిటారుగా నిలబడేవాడు. నాకూ ఆ మొదట్లో సరదాగానే ఉండేది.

కోర్టుకి వేసవి సెలవులు మాకు పంట కాలం. సెలవులు ముగిసేలోగా వీధిలో వకీళ్ళందరికీ నల్ల కోట్లు తయారవ్వాలి. నాన్న కత్తిరిస్తాడు, నేను కుడతాను. మా కొట్లో కొలత తీసే ముందు మనిషిని నడిపిస్తారు. గుమ్మం దగ్గర్నుంచి నిలువుటద్దం దాకా, మళ్ళీ వెనక్కి. టేపు కనబడగానే మనిషన్నవాడు ఊపిరి బిగబట్టి, ఛాతీ విరుచుకుని, లేని ఎత్తు తెచ్చుకుంటాడు. ఆ కొలతకి కుడితే కోటు అద్దంలోనే బాగుంటుంది, వీధిలోకెళ్ళేసరికి అరువు తెచ్చుకున్నట్టుంటుంది అంటాడు నాన్న. ఇంక కూర్చున్న మనిషికి కొలత తీయడమంటే మా పనిలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. చిన్నప్పుడు ఒకసారి తమ్ముడు సరదాకి కుర్చీలో కూర్చున్న నాకు టేపు చుట్టబోతే నాన్న వాడి వీపు విమానం మోత మోగించాడు.

ట్రయల్ చూడటంలోనూ ఆయన తీరు ఆయనదే. కచ్చాకుట్టు వేసిన కోటు తొడిగించి, మూపుల మధ్య నుంచి నడుము దాకా అరచెయ్యి ఒక్కసారి రాస్తాడు. తేడా ఉంటే చాక్ అందుకుంటాడు. లేకపోతే "విప్పండి" అంటాడు. అంతే. 'బాగుంది' అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. నేను మొట్టమొదట కుట్టిన కోటుకి కూడా "విప్పించు" అనే అన్నాడు. ఆ రోజు నేను ఇంటికి నడవలేదు, ఎగిరాను.

సీరియల్ ముదిరింది ఎండలు ముదిరాకే. ఆ వారం నేను చదివింది ఇది:

'ముసలి దర్జీ కత్తెర తీశాడు. చెయ్యి వణికింది. కింది పెదవి వేలాడింది. దాని అంచు నుంచి ఉమ్మి తీగలా సాగి, గుడ్డ మీదికి దిగబోయి ఆగింది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు ఎత్తుకోడానికి ఖాళీ చెయ్యి లేదు. కత్తెర గాల్లో టకటకలాడింది. బయట ఎండ కాస్తోంది.'

నేను ఆగాను. నాన్న గ్లాసు దించకుండా అడిగాడు.

"ఊఁ. తరవాత?"

"తరవాత లేదు. ఈ వారానికి అంతే."

"అంతేనా? కత్తెర గాల్లో ఉండగా ఆపేశాడా?"

"ఆపేశాడు."

"గుడ్డకి ఆననివ్వలేదూ?"

"లేదు నాన్నా."

ఆయన పత్రిక తీసుకుని ఆ పేజీ దూరంగా పట్టుకుని చూశాడు. బల్ల మీది చాక్ తీసి, చివరి వాక్యం కింద గుడ్డ మీద గీసినట్టే తెల్లగా ఒక గీత గీశాడు. "ఇక్కడ కోసేశాడు. కుట్టుకి కూడా గుడ్డ వదల్లేదు," అని నా చేతికిచ్చి పనిలో పడ్డాడు.

చెయ్యి వణకడం నిజం. గ్లాసు పట్టుకున్నా, బొత్తం పెట్టుకున్నా, చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నా వణుకుతుంది. కానీ కత్తెర కింది సగం బల్లకి ఆనిందంటే చాలు, ఆ వణుకు ఎటు పోతుందో పోతుంది. నేను రోజూ చూసేదాన్ని. తమ్ముడు చూడలేదు. వాడు పగలంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుని, సాయంత్రం ఇంటికొచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని రాసుకునేవాడు. వాడికి కనబడే నాన్న పనంతా అయిపోయి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఎదురు కుర్చీలో కూలబడే నాన్న.

ఆ వారం నుంచి వీధి తీరు మారింది. ఎదురు బట్టల కొట్టాయన రోజూ గుమ్మంలోంచే "ఏం మాస్టారూ, ఈ వారం బతికే ఉన్నారా?" అని అరిచేవాడు. ఆయనది ఉత్త వేళాకోళం, నాన్న కూడా "నీ బాకీ తీర్చకుండా పోతానా" అని అరిచేవాడు. అది కాదు బాధ. మంచి మనుషులతోనే వచ్చింది బాధ. రోడ్డు దాటబోతే ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకునేవారు. టీ కొట్టు దగ్గర బెంచీ ఖాళీ చేసేవారు. చెవుడున్నవాడితో మాట్లాడినట్టు గట్టిగా, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే పలికేవారు. చెవుడు సీరియల్లో కూడా లేదు! అది వీధి సొంతంగా కలుపుకుంది.

తరవాత గుడ్డలు తగ్గాయి. వచ్చిన గుడ్డలు నా మిషను మీద పెట్టి, "అమ్మా, మీరే కత్తిరించండి, పర్లేదు" అని గొణిగి వెళ్ళేవారు. నాన్న విననట్టే ఉండేవాడు. వినబడుతోందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే పెద్ద వకీలు గారి గుమాస్తా వచ్చాడు. ఆ వీధికి పెద్ద వకీలు గారంటే పెద్ద వకీలు గారే. ఆయన ఏ కొట్లో కుట్టించుకుంటే మిగతావాళ్ళు అక్కడే కుట్టించుకుంటారు. నాన్న నల్ల మీసాలప్పటి నుంచీ ఆయన కోటు నాన్నే కోస్తున్నాడు. గుమాస్తా చేతిలో పొట్లం ఉంది. విప్పితే మెత్తటి నల్ల ఉన్ని గుడ్డ, చూస్తేనే తెలుస్తోంది ఖరీదు. నాన్న కళ్ళు మెరిశాయి. చెయ్యి చాచాడు.

గుమాస్తా ఆ చేతిని చూశాడు. చూసి, నీళ్ళు నమిలాడు.

"అయ్యగారు... ఈసారి మీ అమ్మాయిగారినే కత్తిరించమన్నారండీ. పాత కోటు కొలతలే చాలన్నారు. మాస్టారికి శ్రమ ఎందుకని..."

నాన్న చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉంది. తరవాత దాన్ని వెనక్కి తీసుకుని, కత్తెర బల్ల మీద పెట్టి, "టీ తాగొస్తా," అని బయటికెళ్ళిపోయాడు. అప్పుడే టీ తాగి గ్లాసు కడిగాం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఒక్క కోటు నేను కత్తిరిస్తే నాన్న కత్తెర ఇంక గోడకెక్కినట్టే. రేపట్నుంచి ఆయన్ని ఎవరూ గుడ్డ ముట్టుకోనివ్వరు, ఆయనా ముట్టుకోడు. కాదంటే పెద్ద వకీలు గారు పోతారు, ఆయన వెనక వీధి వీధంతా పోతుంది. ఆలోచించి మాట్లాడాల్సిన చోటే. ఆలోచించే తీరిక నా నోటికెప్పుడుంది?

"చూడండి గుమాస్తా గారూ, మా కొట్లో కత్తెర ఒక్కటే, అది మా నాన్నది. పాత కొలతలకి కుట్టడం మా ఇంటా వంటా లేదు. అయ్యగారిని స్వయంగా వచ్చి నడవమనండి. కుదరదంటే గుడ్డ తీసుకుపొమ్మనండి."

"అయ్యగారితో అలా ఎలా చెప్పనమ్మా!"

"నేనన్నానని చెప్పండి. పోయేది నా కొట్టేగా."

ఆయన గుడ్డ నా దగ్గరే వదిలి, తల పట్టుకుని వెళ్ళాడు. ఆయన వెళ్ళాక నా కాళ్ళు వణికాయి. వణకడం మా ఇంట్లో నాన్న ఒక్కడి సొత్తేం కాదు.

సాయంత్రం వంట తమ్ముడిది. కంచాలు పెడుతుంటే వాడి మీద ఒంటికాలి మీద లేచాను.

"నీ సీరియల్ పుణ్యమా అని కొట్టు మూసుకునే రోజొచ్చింది. వేరే ముసలాళ్ళు దొరకలేదురా నీకు?"

వాడు తగ్గలేదు. తగ్గే రకం కాదు వాడు, నా తమ్ముడే కదా.

"నేను లేనిది రాశానా అక్కా? వణుకు లేదా? ఉమ్మి కారదా? కథల్లో ముసలాళ్ళని చూడు, తెల్ల గడ్డాలు వేసుకుని నీతులు చెబుతూ దేవుళ్ళలా కూర్చుంటారు. అదంతా పంచదార పూత. నేను పూత పూయను. డాక్టర్ రోగిని చూసినట్టు దూరంగా నిలబడి, చూసింది చూసినట్టు రాస్తాను. జాలి పడను, పొగడను. అదే నా పద్ధతి."

"మహా పద్ధతి! ఆ పద్ధతి చూసే ఇవాళ మనిషి చాచిన చేతిలో గుడ్డ పెట్టలేదు!"

"నువ్వాగవే," అన్నాడు నాన్న. ఆయన గొంతులో కోపం లేదు. "వాడు అబద్ధం రాయలేదు. ఉమ్మి కారుతుంది. రాయొద్దంటే ఎలా? ఒరేయ్, రేపు నువ్వు నా వణుకు తీసేసి నన్ను కుర్రాణ్ణి చేసి రాశావంటే టేపుతో కొడతాను. అది నాకొద్దు."

"మరి?"

"నువ్వు నన్ను కూర్చోబెట్టి కొలత తీశావురా."

తమ్ముడి చేతిలో గరిటె ఆగింది. వాడు ఏం రాసినా, ఎన్ని పుస్తకాలు చదివినా, దర్జీ కొడుకు. ఆ మాట ఎంత పెద్దదో వాడికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వాడి చెవులు ఎర్రబడటం నాకు కనబడింది.

నాన్న మెతుకులు కలుపుకుంటూ మామూలుగా అడిగాడు. "చివర్లో ఏమవుతుంది వాడికి? నీ ముసలాడికి?"

తమ్ముడు గరిటె కింద పెట్టి చెప్పాడు. ముసలి దర్జీ ఒక ఖరీదైన గుడ్డ పాడు చేస్తాడట. కత్తెర మేకుకి తగిలిస్తారట. మంచం వరండాలో వేస్తారట. రోడ్డు మీద పోయేవాళ్ళ కోట్లు చూస్తూ చూస్తూ ఒక మధ్యాహ్నం పోతాడట.

"ఎన్ని గుడ్డలు పాడు చేశానురా నేను?"

"కథ కదా నాన్నా. అలా మొదలైంది అలాగే వెళ్తుంది. ప్రకృతి అంతే."

"నేను పాడు చెయ్యడం నువ్వు చూశావా?"

"...లేదు."

"చూసిందే రాస్తానన్నావుగా ఇప్పుడే."

నాన్న నీళ్ళు తాగి, "రేపట్నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టి కొట్టుకి రా. సాయం చెయ్యక్కర్లేదు. నువ్వు కాజాలు కుడితే బొత్తాలు పారిపోతాయి. ఊరికే చూడు," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

వచ్చాడు. తీసుకొచ్చిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, గిరాకీలు కూర్చునే బెంచీ మీద, గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నాన్న ఒక సాదా గుడ్డ పరుచుకుంటూ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"అక్కణ్ణుంచి నీకేం కనబడుతుందిరా?"

"నువ్వు."

"నా వీపు. ఇటు రా. బల్లకి ఈ పక్కన నిలబడు. ఆఁ. ఇప్పుడు నన్ను చూడకు. నేను చూసేదాన్ని చూడు."

పెద్ద వకీలు గారు ఆ పూటే వచ్చారు. వెనకాల గొడుగు పట్టుకుని గుమాస్తా, మొహంలో నెత్తురు చుక్క లేదు. పత్రిక తెరిచినట్టే వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి. బట్టల కొట్టాయన వాకిట్లోకే వచ్చి నిలబడ్డాడు.

"నన్ను నడవమన్నారట?" అన్నారు వకీలు గారు నా వైపు చూసి.

నేను నోరు తెరిచేలోగా నాన్న ముందుకొచ్చాడు. "అవునండీ. ఏడాదైంది మీ నడక చూసి. ఆ గుమ్మం నుంచి అద్దం దాకా ఒకసారి దయచెయ్యండి."

ఆయన గడ్డం ఎత్తి, ఛాతీ విరిచి, దర్బారులో నడిచినట్టు నడిచారు.

"ఇది జడ్జిగారి ఎదుట నడక," అన్నాడు నాన్న. "అదెప్పుడూ ఉండేదే. కేసు ఓడిపోయి ఇంటికెళ్ళేటప్పుడు ఎలా నడుస్తారో అలా నడవండి."

"నేనెప్పుడు ఓడిపోయాను మాస్టారూ!" అని వకీలు గారు పకపకా నవ్వారు. ఆ నవ్వులో బిగువు వదిలేసి వెనక్కి తిరిగి నడిచారు. అప్పుడు కనబడింది. ఎడమ భుజం దిగిపోయింది. నిలబడితే తెలియడం లేదు, నడిస్తే కిందికి లాగేస్తోంది. నిరుడు అది లేదు. నాన్న ఆయన వెనక్కెళ్ళాడు. చాక్‌తో కుడి మూపు మీద ఒక గుర్తు, ఎడమ మూపు మీద దానికి కాస్త కింద ఇంకో గుర్తు పెట్టాడు.

వకీలు గారు అద్దంలో ఆ రెండు గుర్తులూ చూశారు. నవ్వు పోయింది.

"కనబడుతోందా?" అన్నారు మెల్లిగా.

"నడిస్తేనే."

"సెలవులకి ముందు కోర్టులో కుర్రవాళ్ళు నా గౌను జారడం చూసి నవ్వుకున్నారు. మీ అబ్బాయి రాసేది చదివాను. చదివాక మీ దగ్గరికి రావాలంటే భయం వేసింది. మీ చేతికి కాదు మాస్టారూ. దీన్ని మీరు చూస్తారని." ఆయన తన భుజం ముట్టుకున్నారు. "లోపల దిండు పెట్టి ఎత్తేయొచ్చుగా?"

"పెట్టొచ్చు. అద్దం ముందు నిలబడినంతసేపూ యువరాజులా ఉంటారు. వాదించడానికి చెయ్యెత్తారంటే ఆ దిండు చెవి దగ్గరికొస్తుంది. కోర్టంతా మీ మాట మానేసి దాన్నే చూస్తుంది."

"మరెలా?"

"దాన్ని కప్పను, ఎత్తి చూపించను. మీ భుజం ఎలా ఉందో గుడ్డా అలాగే కోస్తాను. మీరు నడుస్తుంటే మీతోపాటు నడుస్తుంది."

తమ్ముడి పెన్ను కాగితం మీద ఆగిపోయింది. తల ఎత్తి నాన్న వైపు చూశాడు, వెంటనే గుర్తొచ్చినట్టు చూపు గుడ్డ మీదికి మళ్ళించాడు.

"కూర్చోండి, మీ ఎదుటే కోస్తాను," అన్నాడు నాన్న.

అంత ఖరీదు గుడ్డని ఎవరూ గిరాకీ ఎదుట కొయ్యరు. నల్ల ఉన్ని బల్ల మీద పరుచుకుంది. చాక్ గీతలు పడ్డాయి. నాన్న కత్తెర తీశాడు. చెయ్యి వణికింది. సీరియల్లో ఉన్నట్టే టకటకమని చప్పుడు. గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. కింది పెదవి వేలాడింది, దాని అంచున తడి మెరిసింది. నాన్న భుజానికి మూతి తుడుచుకుని, కళ్ళజోడు ముంజేత్తో పైకి తోసుకున్నాడు. కత్తెర ఇంకా వణుకుతూనే కిందికి దిగి, కింది సగం బల్లకి ఆనింది.

వణుకు ఆగింది.

మూపు దగ్గర్నుంచి చంక వంపు దాకా కత్తెర ఎత్తలేదు. గీత తిరిగిన చోట తిరిగింది, దిగిన చోట దిగింది. గుడ్డ తెగుతున్న చప్పుడు తప్ప కొట్లో ఇంకేం లేదు. ఎడమ వైపుకొచ్చేసరికి నాన్న ఒక్క క్షణం ఆగి, అద్దం దగ్గర నడిచిన మనిషిని మళ్ళీ మనసులో నడిపించుకుంటున్నట్టు కళ్ళు చికిలించి, గీతకి కొంచెం లోపలగా కోసుకుపోయాడు. చేతిలో తీగలా నరాలున్నాయి, గోళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, చర్మం ముడతలు పడి ఉంది. ఆ చెయ్యి మా నాన్నదని గర్వపడ్డాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. ఏ రాజుగారి కూతురికీ నాన్నని చూస్తే అంత గర్వం కలిగి ఉండదు.

ట్రయల్ రోజున వకీలు గారు కచ్చాకుట్టు కోటు తొడుక్కుని, చెయ్యెత్తి, దించి, అటూ ఇటూ నడిచారు. రెండు భుజాలూ ఒకటేనని నేను అబద్ధం చెప్పను. ఒకటి దిగే ఉంది. కానీ కోటు ఆ మనిషి మీద ఎంత ఒద్దికగా కూర్చుందంటే, ఆ భుజం అలా ఉండటమే సబబనిపించింది. నాన్న ఆయన వీపు మీద అరచెయ్యి రాశాడు.

"విప్పండి."

వకీలు గారు విప్పలేదు. ఇంకో నాలుగడుగులు నడిచి, అప్పుడు విప్పారు.

మర్నాటి నుంచి గుడ్డలు నా మిషను మీద పడటం మానేశాయి. తిన్నగా నాన్న బల్ల మీదికే. బట్టల కొట్టాయన తన సొంత కోటు గుడ్డ పట్టుకొచ్చి, ఎవరూ అడక్కుండానే గుమ్మం నుంచి అద్దం దాకా నడిచేసి, "ఎలా ఉంది నా నడక?" అన్నాడు. "బాకీలవాణ్ణి తప్పించుకుపోతున్నట్టుంది," అన్నాడు నాన్న. సెలవులు ముగిసేదాకా మాకు తిండికి తీరిక లేదు. తమ్ముడు సెలవైపోయాక కూడా ప్రెస్సు నుంచి నేరుగా కొట్టుకే వచ్చేవాడు, బల్లకి అదే పక్కన నిలబడేవాడు. ఏం రాస్తున్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

కోర్టు తెరిచిన రోజునే సీరియల్ ఆఖరి వారం వచ్చింది. పత్రిక వాడే తెచ్చాడు. నా మిషను మీద పెట్టి, గుమ్మంలో, అటు బయటా కాకుండా ఇటు లోపలా కాకుండా నిలబడ్డాడు. వీధిలో కొత్త నల్ల కోట్లు బారులు బారులుగా పోతున్నాయి. నాన్న గ్లాసు రెండు చేతులా పట్టుకుని, "చదువు," అన్నాడు.

'ముసలి దర్జీ కత్తెర తీశాడు. చెయ్యి వణికింది. పెదవి అంచున ఉమ్మి చేరింది. అతనికది తెలుసు, భుజానికి తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తన చేతిని చూస్తున్నారనీ తెలుసు. అతను చేతిని చూడటం లేదు. పొద్దున గుమ్మం నుంచి అద్దం దాకా నడిచిన మనిషిని చూస్తున్నాడు. ఆ మనిషి ఎడమ వైపు ఎక్కడ అలిసిపోయాడో చూస్తున్నాడు. కత్తెర బల్లకి ఆనింది. చెయ్యి నిలిచింది. గీతకి లోపలగా పోవాలి, ఇక్కడ, కొంచెం, ఇంకొంచెం. చాలు. రెండు ముక్కలూ విడిపోయాయి. అతను కత్తెర పెట్టాడు. చెయ్యి మళ్ళీ వణకడం మొదలెట్టింది. ఆ చేత్తోనే తరవాతి గుడ్డ అందుకున్నాడు.'

నేను ఆపాను.

"ఊఁ. తరవాత?" అన్నాడు నాన్న.

"అయిపోయింది నాన్నా. సమాప్తం అని ఉంది."

"అక్కడితోనా?"

"అక్కడితోనే."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. కొడుకు వైపు తిరిగాడు.

"మరి గుడ్డ పాడు చెయ్యలేదేంరా? మంచం వెయ్యలేదు. పోనూ లేదు."

తమ్ముడు గుమ్మం వదిలి లోపలికొచ్చాడు. "అవి నేను చూడలేదుగా నాన్నా," అన్నాడు.

నాన్న నా చేతిలోంచి పత్రిక తీసుకుని పైనున్న పేరు చూశాడు. "పేరు మాత్రం 'మొండి కత్తెరే'," అన్నాడు.

"పుస్తకం వేసేటప్పుడు మార్చేస్తాను."

"ఏం వద్దు. అలాగే ఉంచు. అనుమానం ఉన్నవాడు కొట్టుకొచ్చి చూసుకుంటాడు." అంటూ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వాడి వెనక నిలబడ్డాడు.

వాడి మూపుల మధ్య అరచెయ్యి పెట్టాడు. చెయ్యి వణుకుతోంది. అలాగే, వణుకుతూనే, నడుము దాకా ఒక్కసారి రాశాడు. నా చూపు చాక్ మీదికి పోయింది. అది బల్ల మీదే ఉంది, నాన్న దాని వైపైనా చూడలేదు.

"విప్పెయ్," అన్నాడు.